పాతబస్తీ బడిలో మతం పాఠం

పాతబస్తీలో చరిత్ర చెప్పే పంతులుకు మతాన్ని తప్పించుకుపోయే దారి లేదు. చార్మినార్ పై అంతస్తులోనే మసీదు ఉంది. పత్తర్‌గట్టీ దగ్గర బాద్‌షాహీ ఆషుర్‌ఖానా, హరిబౌలిలో అక్కన్న మాదన్నల గుడి, లాల్‌దర్వాజాలో సింహవాహిని మహంకాళి కొలువు. పిల్లలు వీటి మధ్య నుంచే బడికి వస్తారు.

మొదట్లో ఇక్కడ చదువూ మతమూ వేరు కావు. 1856లో మొదటి సాలార్‌జంగ్ పెట్టించిన దారుల్ ఉలూమ్‌లో అరబ్బీ, పారశీక చదువులదే పెద్దపీట. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో వచ్చాక ముస్లిం విద్యార్థులకు దీనియాత్ (ఇస్లాం మతపాఠం), తక్కినవాళ్లకు నీతిశాస్త్రం అన్నారు. ఎవరి పాఠం వాళ్లదే. పక్కవాడు ఏం నమ్ముతాడో, ఎందుకు నమ్ముతాడో చెప్పే గంట ఒక్కటీ లేదు. నా దృష్టిలో అసలు లోటు అది. ఆ ఎడం బయటపడిన సందర్భమూ ఉంది: 1938లో హాస్టల్ ప్రార్థన గదుల్లో వందేమాతరం పాడారని విద్యార్థులను వెళ్లగొట్టారు, పి.వి. నరసింహారావు వంటివారు నాగపూర్ వెళ్లి చదువుకోవలసి వచ్చింది.

పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే విద్యాసంస్థలో మతబోధన కూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెప్పింది. మతం ఊసే ఎత్తొద్దని అది అనలేదు. మనవాడైన సర్వేపల్లి రాధాకృష్ణన్ అధ్యక్షతన 1948-49లో పనిచేసిన కమిషన్, డిగ్రీ మొదటి ఏడాది బుద్ధుడు, ఏసు, శంకరుడు, మహమ్మద్ ప్రవక్త, కబీరు, నానక్‌ల జీవితాలు చెప్పమంది. మతబోధన వేరు, మతాల గురించి చెప్పడం వేరు అని కొఠారీ కమిషన్ (1964-66) విడమరిచింది. 2002లో అరుణా రాయ్ కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ తేడానే పట్టుకుంది.

మతాల గురించి చెప్పే ఆ పద్ధతి పాఠ్యపుస్తకాల్లోకి రావడానికి చాలా కాలం పట్టింది. ఉమ్మడి రాష్ట్రం చివరి ఏళ్లలో తిరగరాసిన ఏడో తరగతి సాంఘికశాస్త్రంలో జానపదుల మతం మీద ఒక పాఠమే పెట్టారు. రాజుల గుళ్లూ మసీదులే కాక పోచమ్మ, మైసమ్మ, పీర్ల పండుగ కూడా చరిత్రలోకి వచ్చాయి. ఆ పుస్తకాలు చేసిన గొప్ప మేలు ఇది.

అయినా పుస్తకం గోడ దాకా తీసుకెళ్లదు. బాద్‌షాహీ ఆషుర్‌ఖానా లోపలి గోడ చూడండి. పైన కుతుబ్‌షాహీల నాటి మెరుగు పలకలు. కింద, 1908 మూసీ వరదకు పలకలు పాడైన చోట, వాటిలాగే రంగులతో గీసిన గచ్చు. గోల్కొండ పడిపోయాక మూలబడిన ఆ షియా మందిరాన్ని తిరిగి నిలబెట్టింది సున్నీలైన నిజాములు. ఎందుకు నిలబెట్టారన్న ప్రశ్న ఏడో తరగతి పిల్లవాడికి అందనిదేమీ కాదు.

అక్కన్న మాదన్నలు గోల్కొండ సుల్తాను తానీషా మంత్రులు. కోట 1687లో పడకముందే హత్యకు గురయ్యారు. ఇవాళ వాళ్ల పేరున్న గుడి ఘటం బోనాలకు ఏనుగు మీద ఊరేగుతుంది. మొహర్రం పదో నాడు దబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం బయలుదేరేదీ ఏనుగు మీదే. ఈ రెండు ఊరేగింపులనూ పక్కపక్కన పెట్టి, ఎవరి దుఃఖం, ఎవరి మొక్కు, ఏ రాజు కాలం అని అడిగించే పాఠం ఒకటి పాతబస్తీ ప్రభుత్వ బడుల కోసం తెలుగులోనూ ఉర్దూలోనూ రాయించాలి. దానికి 28వ అధికరణం అడ్డు రాదు.