పారిపోతే కూలీ నేరస్థుడు, పంపినవాడు పెద్దమనిషి



గల్ఫ్ ఏజెంటు మోసం చేస్తే ఏ కేసు పెట్టాలంటే మన ఊళ్లలో ఎవరైనా 420 అనే చెప్తారు. 1860 నాటి శిక్షాస్మృతిలో పుట్టిన ఆ నంబరు 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 318(4) అయింది. ఏడేళ్ల దాకా జైలు. అయితే అదే 1860 పుస్తకంలో ఇంకో సెక్షన్ ఉండేది. 492. యజమాని ఖర్చుతో బ్రిటిష్ ఇండియాలో ఒక దూరప్రాంతానికి వెళ్లిన పనివాడు రాతపూర్వక ఒప్పందం గడువులో పని వదిలిపెట్టి పోతే నెల దాకా జైలు, లేదా యజమాని పెట్టిన ఖర్చుకు రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ. అంటే మోసం చేసినవాడికీ, మోసపోయి పారిపోయినవాడికీ ఒకే పుస్తకంలో శిక్ష రాసిపెట్టారు.

దానికంటే ఒక ఏడాది ముందే, 1859లో, పనివాళ్ల ఒప్పంద ఉల్లంఘన చట్టం వచ్చింది. అడ్వాన్సు తీసుకున్న కూలీ పని చేయకపోతే యజమాని మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. డబ్బు కట్టాలి, లేదా పని చేయాలి. రెండూ కాకపోతే మూడు నెలల దాకా కఠిన శిక్ష. అప్పు ఎగ్గొట్టిన జమీందారుకు సివిల్ కోర్టు, అడ్వాన్సు తీర్చని కూలీకి జైలు. ఇక్కడి నుంచి రంగూన్‌కు పోయిన కూలీలను మేస్త్రీలు కట్టిపడేసింది కూడా అడ్వాన్సుతోనే. కోరంగి రేవు పేరే బర్మాలో తెలుగువాళ్లందరికీ పేరైపోయింది. కోరంగీలు.

సముద్రం దాటితే కులం పోతుందని పెద్దకులాలవాళ్లు భయపడ్డారు. మనవాళ్లకు అది కూడా జరగలేదు. మద్రాసు నుంచి బయలుదేరిన 'ట్రూరో' ఓడ 1860 నవంబర్ 16న దర్బన్ చేరింది. చెరుకు తోటల కోసం నాటల్‌కు తెచ్చిన మొదటి ఓడ అదే. ఆ ఓడల జాబితాల్లో పేరు, తండ్రి పేరు, వయసు, ఊరు, వీటితోపాటు కులం కోసం ఒక గడి ఉంది. చాలామంది పేర్ల ఎదుట 'జెంటూ' అని రాశారు. ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్లు తెలుగును పిలిచిన పేరు అది. భాషను తీసుకుపోయి కులం గడిలో రాసిన గుమాస్తా ఎవరో గాని, తెలుగు సాహిత్యం చదువుకున్న నాకు ఆ గడి దగ్గర చూపు ఆగిపోతుంది.

1903 నుంచి మద్రాసు ఓడలు ఫిజీకి కూడా పోయాయి. అగ్రిమెంట్ అనే మాట అక్కడి కూలీల నోట్లో 'గిరిమిట్' అయింది. రోజుకు ఇచ్చిన టాస్కు పూర్తి చేయకపోవడం ఫిజీ చట్టం ప్రకారం నేరం. కూలీలను చేర్చేవాళ్లకు లైసెన్సులు, మేజిస్ట్రేటు ముందు రిజిస్ట్రేషన్ అన్నీ 1883 చట్టంలో ఉన్నాయి. చదువు రానివాడికి ఏం అర్థమైందో ఎవరు అడిగారు?

1917లో ఆ పద్ధతి ఆగింది. 1922లో వలస చట్టం వచ్చింది. 1925లో చేసిన ఒక చట్టంతో 492 సెక్షనూ, 1859 చట్టమూ రద్దయ్యాయి. తర్వాత రాజ్యాంగంలో 23వ అధికరణం మనుషుల వ్యాపారాన్నీ వెట్టినీ నిషేధించి, అది శిక్షార్హమైన నేరమని చెప్పింది. మన బతుకులను నేరుగా తాకే కొద్ది వాక్యాల్లో అదొకటి.

ఇక 1983 వలస చట్టం. యాక్టివిస్టులు ఇక్కడ నిలబడి చదవాలి. సెక్షన్ 10 ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషులను చేర్చకూడదు. చేరిస్తే సెక్షన్ 24 కింద రెండేళ్ల దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా. నిర్ణయించిన దానికంటే ఎక్కువ చార్జీ తీసుకున్నా, వలసపోయేవాడిని మోసగించినా అదే శిక్ష. రెండు వేలు! ఒక్క వీసాకు అంతకు ఎన్నో రెట్లు గుంజేవాడికి అది టీ ఖర్చు. అయినా ఈ సెక్షన్‌ను వదలొద్దు. ఎందుకంటే 420 కింద, డబ్బు తీసుకున్న రోజునే మోసం చేయాలనే ఉద్దేశం ఏజెంటుకు ఉందని నిరూపించాలి. "పంపిద్దామనే అనుకున్నా సార్, అక్కడ కంపెనీ వెనక్కి పోయింది" అంటాడు. స్టేషన్లో అది "మీ డబ్బు వ్యవహారం, కూర్చుని మాట్లాడుకోండి" అవుతుంది. సెక్షన్ 10కి ఆ గొడవ లేదు. సర్టిఫికెట్ ఉందా, లేదా? జగిత్యాల, సిరిసిల్ల, రాజంపేట, కోనసీమ ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంటుకు సొంత సర్టిఫికెట్ ఎక్కడిది? రెండు సెక్షన్లూ కలిపి పెట్టమనాలి. ఉద్యోగమని చెప్పి తీసుకుపోయి దోపిడీకి అప్పగిస్తే మనుషుల అక్రమ రవాణా సెక్షన్ కూడా వస్తుంది. దానికి ఏడేళ్లకు తక్కువ కాకుండా జైలు. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన కాంబోడియా కేసు గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగమని పంపి, యువకులతో సైబర్ మోసాలు చేయించారు.

మరి బాధితుడు ఎందుకు నోరు విప్పడు? పదో తరగతి పాసు కానివాడికి గల్ఫ్ పోవడానికి వలస అనుమతి కావాలి. అది తప్పించుకోవడానికి ఏజెంటు విజిట్ వీసా మీద పంపి, "ఎయిర్‌పోర్టులో చుట్టాన్ని చూడ్డానికి పోతున్నానని చెప్పు" అంటాడు. అబద్ధం చెప్పినవాడు ఇతను. భయం ఇతనికే. అక్కడ చెప్పిన పని లేదని కఫీల్ దగ్గర నుంచి బయటికొస్తే 'పారిపోయినవాడు' అని కేసు. మనవాళ్లు అతన్ని ఖల్లివెల్లి అంటారు. పోనీ, వదిలెయ్ అనే అర్థమున్న అరబ్బీ మాట అది. 492 సెక్షన్ అరబ్బీలో బతికే ఉంది.

ఇక్కడ కూడా అది పూర్తిగా చావలేదు. 2021లో కేంద్రం బయటపెట్టిన వలస బిల్లు ముసాయిదాలో నిబంధనలు ఉల్లంఘించిన కార్మికుడికే 50 వేల దాకా జరిమానా, పాస్‌పోర్టు రద్దు అని రాశారు. 1983 చట్టం నాటి ఏజెంటు జరిమానాను దీని పక్కన పెట్టి చూడండి.

ఊళ్లోకి వెళ్లే పిల్లలకు ఒక మాట. 1983 చట్టం కింద కేసుకు కేంద్రం అనుమతి కావాలని ఎవరైనా తిప్పి పంపితే సెక్షన్ 27 మొత్తం చదివించండి. వలసపోయినవాడు గాని, అతని తరఫున తల్లి, తండ్రి, భార్య, భర్త, పిల్లలు, తోబుట్టువులు గాని ఫిర్యాదు చేస్తే ఆ అనుమతి అక్కర్లేదు. సెక్షన్ 26 ప్రకారం ఈ నేరాలు కాగ్నిజబుల్, అంటే పోలీసులు మేజిస్ట్రేటు ఆదేశం కోసం ఆగకుండానే కేసు కట్టొచ్చు. ఫిర్యాదులో ఏజెంటు పేరు, డబ్బు ఇచ్చిన తేదీ, ఎవరి ముందు ఇచ్చారో, ఫోన్‌పే చేసి ఉంటే ఆ స్క్రీన్‌షాట్ పెట్టండి. రసీదు లేదని ఆగిపోవద్దు. చూసినవాళ్ల సాక్ష్యం కూడా సాక్ష్యమే.