దీన్‌దార్ అంజుమన్ చరిత్ర - మనకొక పాఠం



2000 సంవత్సరంలో తిరువూరు టీకొట్ల దగ్గర మాకొక ప్రశ్న ఎదురయ్యేది: "ఏం సాయిబు గారూ, ఈ దీన్‌దార్ల వాళ్ళు మీవాళ్ళేనా?" అడిగినవారు పరాయివాళ్ళు కారు, పండక్కి మన ఇంట్లో సేమ్యా తాగేవారే. "మాకు తెలియదండీ" అని తల వంచుకు వచ్చేశాం. ఆనాడు చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడైనా చెప్పుకుందామని ఈ నాలుగు మాటలు.

ఈ అంజుమన్‌ను స్థాపించినవారు సిద్దిఖ్ హుసేన్. నైజాం రాజ్యంలోని గుల్బర్గా జిల్లాలో 1886లో పుట్టారు. 1914లో ఖాదియాన్ వెళ్ళి అహ్మదీయ ఉద్యమంలో చేరారు, తర్వాత విడిపోయారు. 1924లో గదగ్ పట్టణంలో, లింగాయతులు ఎదురుచూసే చెన్నబసవేశ్వరుడు తానేనని ప్రకటించుకున్నారు. పాల్కురికి సోమనాథుని కావ్యం ద్వారా మన తెలుగువారికి తెలిసిన బసవేశ్వరుని మేనల్లుడే ఈ చెన్నబసవేశ్వరుడు. లింగాయతులకు వారి పురాణాల మాటల్లోనే ఇస్లాం చెప్పి తమవైపు తిప్పుకోవాలన్నది సిద్దిఖ్ గారి ఉద్దేశం. హైదరాబాదు ఆసిఫ్‌నగర్ ఈ ఉద్యమానికి కేంద్రమైంది. 1952లో ఆయన చనిపోయాక అక్కడే ఏటా ఉర్సు జరిపేవారు. ఉర్సుతోపాటు సర్వమత సభలూ పెట్టేవారు.

మరి ఇంత వివాదం ఎందుకొచ్చింది? మా గురువును కాజేశాడని లింగాయతులకు కోపం. ముహమ్మద్ ప్రవక్త (స) తర్వాత మరో ప్రవక్త లేడన్నది మన ఈమాన్. అవతారమనే మాట ఇస్లాంలో ఎక్కడిదని ఉలమాలు కాదన్నారు. రెండు గుమ్మాల మధ్య నిలబడినవాడికి ఏ గుమ్మంలోనూ పీట వెయ్యరు కదా! పైగా వేషం వేరు, పెద్ద మాట మీద తిరుగు లేదు. లోపల ఏం జరుగుతుందో బయటివారికి తెలియనప్పుడు అనుమానం దానంతట అదే పెరుగుతుంది.

అయినా కొత్తదైనంత మాత్రాన చెడ్డదని అనలేం. 1881 డిసెంబరులో రాజమండ్రిలో వీరేశలింగం గారు వితంతు వివాహం చేయిస్తే ఆ పెళ్ళికి వెళ్ళినవారిని వెలివేశారు. తర్వాత అదే లోకం ఆయనకు దండం పెట్టింది. పన్నెండో శతాబ్దంలో బసవేశ్వరుని మాటా ఎందరికో కంటగింపైంది. కాబట్టి జనం కోపం ఒక్కటే కొలబద్ద కాదు. ఆ ఉద్యమం తోటి మనిషికి మేలు చేసిందా, కీడు చేసిందా అన్నదే కొలబద్ద.

ఆ కొలతకు ఈ అంజుమన్ పేరు నిలవలేదు. 2000 జూన్ 8న ఒంగోలు, తాడేపల్లిగూడెం చర్చీల్లో బాంబులు పేలాయి. అదే రోజు గుల్బర్గా జిల్లాలోనూ, జులైలో హుబ్లీ, బెంగుళూరుల్లోనూ చర్చీల మీద దాడులు జరిగాయి. జులై 9న బెంగుళూరులో బాంబులు తీసుకెళుతున్న వ్యాను పేలి అందులోని ఇద్దరు చనిపోయారు. ఆ వ్యానుతోనే పోలీసులకు దారి దొరికింది. మాకు సంబంధం లేదని అంజుమన్ పెద్దలు చెప్పారు. 2001లో కేంద్ర ప్రభుత్వం సంస్థను నిషేధించింది. 2008లో బెంగుళూరు ప్రత్యేక కోర్టు 23 మందిని దోషులని తీర్పు ఇచ్చింది.

దెబ్బ తిన్నది మొదట క్రైస్తవ సోదరులు. ప్రార్థన స్థలాన్ని కూల్చడం ఇస్లాం ఒప్పుకునే పని కాదు. ఆ తర్వాత అనుమానం పడ్డది ఆ పేరే వినని సామాన్య ముస్లిముల మీద. బాంబు సంగతి కలలో కూడా ఎరగని సాధారణ దీన్‌దార్ కుటుంబాలూ నలిగిపోయాయని మరువరాదు. విశ్వాసంలో తప్పుంటే మాటతో ఖండించవచ్చు. నేరాన్ని కోర్టు శిక్షిస్తుంది. ఈ రెంటినీ కలిపేసి ఒకరి పాపం వేయిమందికి అంటగట్టడం న్యాయం కాదు. మన విషయంలో ఇతరులు అలా చేస్తే బాధపడే మనం, ఇతరుల విషయంలో ఆ పని చెయ్యకూడదు గదా.

యువకులకు మా మనవి ఒకటే. ఎవరైనా వచ్చి "నేను చెప్పిందే సత్యం, ఇంట్లో చెప్పొద్దు, ఇమాం సాహెబును అడగొద్దు" అంటే అక్కడే ఆగండి. దీన్ దాపరికంతో నేర్పేది కాదు. ఇక ఆనాడు మమ్మల్ని అడిగిన మిత్రులకు మా జవాబు: ఆ పని చేసినవారు మావాళ్ళు కారండీ, దెబ్బ తిన్నవారే మావాళ్ళు.

అల్లాహ్ మన ఊరిని, ఊరివారందరినీ చల్లగా చూడుగాక. ఆమీన్.