తీసివేతలో అప్పు

52లోనుండి 27 తీసివేయవలెను. 2లోనుండి 7 పోదు. అప్పుడు “ప్రక్కనుండి అప్పు తెచ్చుకొనుము” అని పిల్లలకు చెప్పుట పరిపాటి. దీనిని చేయుటకు రెండు పద్ధతులు కలవు.

మొదటి పద్ధతిలో 5 పదులలో ఒకదానిని విడదీసి ఒకట్లలో కలుపుదురు. 12లో 7 పోగా 5, మిగిలిన 4లో 2 పోగా 2, శేషము 25. రెండవ పద్ధతిలో పై సంఖ్యకు 10 ఒకట్లను, క్రింది సంఖ్యకు 1 పదిని చేర్చుదురు. రెండింటికి సమానముగా చేర్చినందున భేదము మారదు. 12లో 7 పోగా 5, 5లో 3 పోగా 2; శేషము మరల 25. తెచ్చిన అప్పు తీర్చుట ఈ పద్ధతిలోనే కనిపించును. మొదటిదానిలో అప్పే లేదు. పదిరూపాయల నోటును చిల్లరగా మార్చినట్లు రూపము మారును గాని విలువ మారదు.

ఏది మేలు అను వివాదము 20వ శతాబ్ది పూర్వార్ధమున అమెరికాలో చాలకాలము సాగినది. వేగమును, తప్పులను మాత్రమే లెక్కించిన పరిశోధకులు కొందరు రెండవదానిని మెచ్చిరి. 1949లో విలియం బ్రౌనెల్, హెరాల్డ్ మోజర్ అనువారు వెలువరించిన పరిశోధన ఆ ప్రశ్ననే మార్చినది. వారు సుమారు 1,400 మంది మూడవ తరగతి పిల్లలను పరిశీలించిరి. ఒక్కొక్క పద్ధతిని కొందరికి కారణము వివరించియు, కొందరికి సూత్రముగా మాత్రమే చెప్పియు నేర్పించిరి. కారణము చెప్పనిచోట రెండవ పద్ధతియే నయమని తేలినది. కారణము వివరించినచోట మొదటిది మెరుగైనది. తరువాత అమెరికా పాఠశాలలలో మొదటి పద్ధతియే వ్యాపించినది.

కనుక పద్ధతి ఎంత ముఖ్యమో, దానిని నేర్పు తీరును అంత ముఖ్యము. పది పుల్లల కట్టను విప్పి చూపినచో, 5 ఏల 4 అయినదో పిల్లవాడే చెప్పగలడు.