గాలి కోసం ఎక్కిన కొండ

మధ్యధరా తీరంలో కొండవాలు మీది హోటల్లో గది తీసుకునేవాళ్లు ఇవాళ ముందుగా అడిగేది, కిటికీ తెరిస్తే సముద్రం కనిపిస్తుందా అని. ఒకే అంతస్తులో సముద్రం వైపు గదికీ వెనకవైపు గదికీ అద్దెలో బోలెడు తేడా. ఈ కోరిక మనిషికి ఎప్పటినుంచో ఉందనిపిస్తుంది గానీ, ఫ్రాన్సు దక్షిణ తీరం చరిత్ర తిరగేస్తే మొన్నమొన్నటిదని తెలుస్తుంది. నూటయాభై ఏళ్ల కిందట నీస్ దగ్గర కొండమీద గది తీసుకున్నవాళ్లలో చాలామంది సముద్రపు గాలి నేరుగా తగలకూడదనే తీసుకున్నారు. అంతకు వెయ్యేళ్ల ముందు అదే తీరంలో కొండెక్కినవాళ్లు సముద్రం మీద వచ్చే దండుకు జడిసి ఎక్కారు. ఖరీదైన కొండ విడిది ఎలా పుట్టి, ఎలా కుప్పకూలి, మళ్లీ ఎలా లేచిందో తెలుసుకోవడానికి నీస్, దాని చుట్టుపక్కల తీరం చాలు.

నీస్‌కి తూర్పున ఎజ్ అనే ఊరుంది. సముద్రమట్టానికి 400 మీటర్ల పైన, నిట్టనిలువు రాతిగుట్ట నెత్తిన కట్టిన ఊరు. తొమ్మిది, పది శతాబ్దాల్లో ప్రొవాన్స్ తీరంలో తిష్ఠవేసిన అరబ్బు దండులు, ఆ తర్వాత కొన్ని వందల ఏళ్లపాటు సముద్రపు దొంగలు ఒడ్డునున్న పల్లెల్ని దోచుకునేవారు. అందుకే ఇళ్లన్నీ ఒకదాని వీపుకి ఒకటి ఆనించి కట్టుకున్నారు. బయటి వరస ఇళ్ల గోడలే ఊరికి ప్రహరీ. సందులు ఇద్దరు మనుషులు పక్కపక్కన నడిచేంత. పొలం కింద, ఇల్లు పైన. ఎక్కడం, దిగడం, నీళ్లు మోయడం. ఆ ఊరివాళ్లకు సముద్రాన్ని చూడటమంటే కాపలా కాయడమే.

నీస్ ఊరి వెనక సిమియే గుట్టది ఇంకో కథ. రోమన్లు అక్కడ తమ ఆల్ప్స్ తీర రాష్ట్రానికి రాజధాని కట్టారు. స్నానశాలల గోడలు, ఆటల ప్రాంగణం ఇప్పటికీ ఉన్నాయి. రోమన్లు పోయాక మిగిలింది ఒక మఠం, దాని చుట్టూ ఆలివ్ తోటలు. పంతొమ్మిదో శతాబ్దం సగం దాటేదాకా ఆ గుట్టమీద గది అద్దెకు అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

ఆ ఆలోచన తెచ్చినవాళ్లు రోగులు. స్కాట్లండ్ వైద్యుడు, నవలాకారుడు టోబయాస్ స్మోలెట్ 1763లో ఊపిరితిత్తుల బాధతో నీస్ చేరి, సముద్రంలో స్నానాలు చేసి, 1766లో తన ప్రయాణం మీద పుస్తకం వేశాడు. అప్పటికి నీస్ ఫ్రాన్సుది కాదు, సార్డీనియా రాజ్యానిది. ఫ్రాన్సులో కలిసింది 1860లో. స్మోలెట్ తర్వాత ఆంగ్లేయులు చలికాలమంతా అక్కడ గడపడం అలవాటు చేసుకున్నారు. 1834లో లార్డ్ బ్రూమ్ ఇటలీ వెళుతూ, కలరా భయంతో సరిహద్దు మూసేస్తే కాన్ అనే చేపలరేవులో ఆగిపోయి, ఆ ఊరు నచ్చి అక్కడే భవంతి కట్టుకున్నాడు. అయినా వీళ్లంతా ఒడ్డునే ఉండేవాళ్లు.

కొండవైపు తిప్పింది క్షయ. 1859లో జేమ్స్ హెన్రీ బెన్నెట్ అనే ఆంగ్ల వైద్యుడు క్షయతో, బతుకు మీద ఆశ వదులుకుని, ఇటలీ సరిహద్దు దగ్గరి మాంతోన్ చేరాడు. అక్కడ కోలుకున్నాడు. కోలుకుని ఆ ఊరి చలికాలం గురించి పుస్తకం రాశాడు. ఇక ఉత్తర ఐరోపా వైద్యులు తమ చేతిలో మందు లేని రోగినల్లా దక్షిణానికి పంపడం మొదలుపెట్టారు. రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ 1873లో అలాగే వచ్చాడు. చిత్రకారుడు ఆబ్రీ బియర్డ్‌స్లీ కూడా అలాగే వచ్చి, 1898లో 25 ఏళ్లకే మాంతోన్ హోటల్ గదిలో కన్నుమూశాడు. మందులు లేని కాలంలో గాలి మార్పే మందు. మన మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1910ల్లో వెలిసింది కూడా ఆ నమ్మకం మీదే. క్షయ పేరు చెప్పగానే అక్కడికి తీసుకుపొమ్మనడం మన పెద్దవాళ్లకు తెలిసిన మాటే.

ఆ తీరపు వైద్యులు గాలిని కూడా విభజించారు. ఒడ్డున వీచే గాలి నరాలను రెచ్చగొడుతుందనీ, నిద్ర పట్టనివాళ్లకూ రక్తం కక్కుకునేవాళ్లకూ అది పనికిరాదనీ, కాస్త లోపలికి, కొండ చాటున వీచే గాలి నెమ్మదైనదనీ చెప్పేవారు. సాయంత్రం పొద్దు వాలగానే ఒక్కసారిగా దిగే చలి అంటే హడల్. ఆ వేళకి రోగి ఇంట్లో ఉండాల్సిందే. కొండ హోటళ్ల కట్టడమంతా ఈ వైద్యం మీదే నడిచింది. ఉత్తరపు గాలికి కొండే అడ్డు. అతిథుల గదులన్నీ దక్షిణం వైపు, ఎండ ఎక్కువసేపు లోపలికి పడేలా. సముద్రం కూడా దక్షిణానే ఉంది కాబట్టి కిటికీలోంచి అదీ కనిపించేది. ఇవాళ లక్షలు పోసి కొనుక్కునే ఆ దృశ్యం అప్పట్లో ఎండతోపాటు అదనంగా వచ్చింది. ఈ చరిత్రలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకట్టుకునే సంగతి ఇది.

గాలి ఒక్కటే ఉంటే హోటల్ లేవదు. 1864లో నీస్‌కి రైలొచ్చింది. వారాల తరబడి గుర్రపుబండిలో కుదుపులు తింటూ రావాల్సిన రోగి, 1880ల నాటికి నిద్రపెట్టెల్లో పడుకుని రెండో రోజుకల్లా దిగగలిగాడు. ఆ 1880ల్లోనే వెసుబీ నది నీళ్లను కాలువ తవ్వి నీస్ చుట్టూ ఉన్న కొండలమీదికి తెచ్చారు. ఆలివ్ చెట్టుకు చాలిన వాననీళ్లు వందలమంది స్నానానికి చాలవు గదా. నీళ్లు రాగానే సిమియే మీదికి విశాలమైన రోడ్డు వేశారు. దాని వెంట ఒకదాని తర్వాత ఒకటి హోటళ్లు లేచాయి. తాటిచెట్లు, పూలతోటలు, గులాబీ మడులు అన్నీ ఆ కాలువ చలవే.

ఆ గుట్టకు పట్టాభిషేకం చేసింది విక్టోరియా రాణి. 1895, 1896 వసంతాల్లో సిమియేలోని గ్రాండ్ హోటల్లో దిగింది. ఆమెను నిలుపుకోవడానికి బియాజీని అనే వాస్తుశిల్పి చేత 400 దాకా గదులతో, ఎక్సెల్సియర్ రెజీనా అనే పేరుతో మరో హోటల్ కట్టించారు. 1897, 1898, 1899లో ఆమె విడిది అదే. ఆమె దిగిన పడమటి భాగం మీద కిరీటం ఆకారంలో గోపురం నిలిపారు. అది ఇప్పటికీ ఉంది. రాణి ఒంటరిగా రాలేదు. సొంత మంచం, సామాన్లు, పదుల సంఖ్యలో పరివారం, భారతీయ సేవకులు వెంట వచ్చేవారు. 1897 ప్రయాణానికి ముందు, రాణి కొలువులోని భారతీయుడు మున్షీ అబ్దుల్ కరీం వస్తే తాము రామని పరివారంలోని ఆంగ్లేయులు తిరగబడ్డారు. రాణి వాళ్ల మాట వినలేదు, మున్షీ వచ్చాడు. కాళ్లు పట్టు తప్పిన ఆ ముసలి రాణి జాకో అనే గాడిదను కట్టిన చిన్న బండిలో సిమియే దారుల్లో తిరిగేది. దక్షిణాఫ్రికాలో బ్రిటన్ చేస్తున్న బోయర్ యుద్ధం మీద ఫ్రాన్సులో బ్రిటన్ అంటే మంట పుట్టడంతో 1900లో రాలేదు. మరుసటి ఏడాది చనిపోయింది. 1912లో రెజీనా ఎదుట ఆమె విగ్రహం పెట్టారు.

ఈలోగా ఒక ముఖ్యమైన మార్పు జరిగిపోయింది. 1882లో రాబర్ట్ కాహ్ క్షయ క్రిమిని కనిపెట్టాడు. ఆ రోగం అంటుకుంటుందని జనానికి తెలిసేకొద్దీ ఖరీదైన హోటళ్లు దగ్గే అతిథిని వద్దనసాగాయి. ఏ రోగుల కోసం కొండ ఎక్కాయో ఆ రోగుల్నే బయట పెట్టాయి. మిగిలింది భోగం. మొనాకోలోని మోంటే కార్లో కాసినోలో రాత్రి దాకా ఆడి, కొండమీద తెల్లారేదాకా నిద్రపోయే అతిథులొచ్చారు. 1894లో మోంటే కార్లో నుంచి పైనున్న లా తుర్బీ ఊరి దాకా పళ్లపట్టా మీద నడిచే కొండరైలు వేశారు, మన ఊటీ రైలు పద్ధతిలోనే. దాని దారిలో, కాసినోకి సరిగ్గా పైన, రివియెరా ప్యాలెస్ అనే పెద్ద హోటల్ వెలిసింది.

ఆ రైలు పట్టాలు వేసినవాళ్లూ, రాళ్లు కొట్టినవాళ్లూ, హోటల్ దుప్పట్లు ఉతికినవాళ్లూ ఎక్కువమంది ఇటలీ నుంచి కూలికి వచ్చినవాళ్లు. మొనాకోలో అద్దెలు భరించలేక దాని పైనున్న వాలులో గుడిసెలు, ఇరుకు ఇళ్లు వేసుకున్నారు. 1904లో ఆ వాలు బోసొలేయ్ అనే విడి పురపాలికైంది. రివియెరా ప్యాలెస్ ఉన్నది కూడా అందులోనే. ఒకే కొండ, ఒకే ఎండ: ఒకరికి రాత్రికి ఇంత అని లెక్క, ఇంకొకరికి రోజుకూలి లెక్క. ఈ తీరం గురించి వచ్చిన అందమైన బొమ్మల పుస్తకాల్లో ఈ రెండోవాళ్లు కనిపించకపోవడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. విలాసం అనేది కొండమీద దానంతటది మొలవలేదు. ప్రతి బకెట్ నీళ్లూ, ప్రతి రొట్టే ఎవరో పైకి చేర్చాల్సి వచ్చింది.

1914లో యుద్ధం వచ్చింది. రెజీనా లాంటి మహా హోటళ్లు ఆసుపత్రులయ్యాయి. జర్మన్లు, ఆస్ట్రియన్లు వెళ్లిపోయారు. రష్యన్ ప్రభువులు, 1917 విప్లవం తర్వాత వస్తే గిస్తే కాందిశీకులుగానే వచ్చారు. ఆపైన కాలమే తలకిందులైంది. అప్పటిదాకా వేసవి అంటే ఆ తీరంలో హోటళ్లు తలుపులు వేసుకునే కాలం. 1923లో జెరాల్డ్, సారా మర్ఫీ అనే అమెరికన్ దంపతుల కోరిక మీద ఆంటీబ్ అంతరీపంలోని ఓతెల్ ద్యు కాప్ యజమాని కొద్దిమంది సిబ్బందితో వేసవిలో కూడా హోటల్ తెరిచి ఉంచాడు. వాళ్ల వెనక రచయితలు, చిత్రకారులు వచ్చారు. గొడుగు కింద దాక్కున్న తెల్లచర్మం ఇప్పుడు ఎండకు కమిలితేనే నాగరికత. వేసవిలో జనానికి కావలసింది ఈత. ఈతకు కొండెందుకు? సిమియే హోటళ్లు సముద్రానికి దూరమైపోయాయి. 1929 ఆర్థిక సంక్షోభం, 1931లో పౌండు పతనం తర్వాత చలికాలపు ఆంగ్లేయులు కూడా తగ్గిపోయారు. 1930ల్లో రెజీనాను ముక్కలు చేసి ఫ్లాట్లుగా అమ్మారు.

ఆ పతనపు కాలంలోనే నీస్‌కీ హైదరాబాదుకీ బంధుత్వం కలిసింది. 1924లో టర్కీ నుంచి వెళ్లగొట్టిన చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ నీస్‌లో తలదాచుకున్నాడు. ఆయనకు నిజాం భరణం పంపేవాడు. 1931 నవంబరు 12న ఆయన కూతురు దుర్రు షెహ్వార్‌ను నిజాం పెద్దకొడుకు ఆజం జాకీ, బంధువుల పిల్ల నీలోఫర్‌ను రెండో కొడుకు మొవజ్జం జాకీ ఇచ్చి నీస్‌లోనే నిఖా చేశారు. హైదరాబాదు వచ్చాక నీలోఫర్ నౌబత్ పహాడ్ పక్కనున్న హిల్‌ఫోర్ట్ ప్యాలెస్‌లో కాపురం పెట్టింది. నీస్ కొండమీద హోటళ్లు ఇళ్లుగా మారితే, హైదరాబాదు గుట్టవాలులోని ఆ ఇల్లు తర్వాత రిట్జ్ హోటలైంది. కాన్పు కష్టమై ఒక పరిచారిక చనిపోతే చలించి ఆమె పూనుకున్న ఆసుపత్రిని నగరం నీలోఫర్ పేరుతోనే పిలుస్తుంది.

ముక్కలైన రెజీనాలో 1938లో ఒక ఫ్లాట్‌లోకి చిత్రకారుడు ఆన్రీ మతీస్ దిగాడు. మధ్యలో యుద్ధ భయంతో వాన్స్ అనే ఊరికి వెళ్లి, 1949లో తిరిగొచ్చాడు. శస్త్రచికిత్స తర్వాత ఎక్కువసేపు నిలబడలేని మనిషి. మంచంలో పడుకుని, పొడవాటి వెదురుకర్ర కొసన బొగ్గు కట్టి, వాన్స్‌లోని ఒక ప్రార్థనామందిరం కోసం బొమ్మలు గోడమీద గీశాడు. 1952 వేసవిలో ఈతగాళ్లు దూకుతుంటే చూడాలని కాన్‌లో ఈతకొలనుకి వెళ్లాడు. ఎండకు తట్టుకోలేక వెనక్కి వచ్చి, తన కొలను తానే చేసుకుంటానని నీలం కాగితాలు కత్తిరించి భోజనాల గది గోడల చుట్టూ అంటింపజేశాడు. ఆ పని ఇప్పుడు న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియంలో ఉంది. రాణుల కోసం కట్టిన హోటల్లో జరిగిన పనులన్నిటిలో గొప్పది, నా దృష్టిలో, హోటల్ మూతపడ్డాక ఆ మంచం మీద జరిగిందే. 1954 నవంబరులో అక్కడే చనిపోయాడు. సమాధి సిమియే మఠం శ్మశానంలో ఉంది.

1936లో ఫ్రాన్సు కార్మికులకు ఏటా రెండు వారాల జీతంతో కూడిన సెలవు దక్కింది. తీరానికి మామూలు జనం రావడం అలా మొదలై, యుద్ధం తర్వాత ఉప్పెనైంది. డబ్బున్నవాళ్లు మళ్లీ కొండవైపు చూసింది అప్పుడేనని నా అంచనా. ఈసారి వాళ్లకు కావలసింది ఆరోగ్యం కాదు, ఏకాంతం. ఎజ్‌లో జనం కిందికి దిగిపోగా పాడుబడిన రాతి ఇళ్లు 1950ల్లో షెవ్రదోర్ అనే హోటల్ గదులయ్యాయి. ఒక్క భవనం కాదది. ఊరి సందుల్లో ఒక్కో గది ఒక్కో పాత ఇంట్లో. కారు ఊరి గుమ్మం దగ్గర ఆగిపోవాల్సిందే. దొంగల్ని ఆపడానికి కట్టిన ఇరుకే ఇప్పుడు అతిథికి కావలసిన నిశ్శబ్దాన్ని కాపాడుతోంది. సూట్‌కేసుల్ని మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు ఆ రాతిమెట్ల మీదుగా పైకి చేర్చాలి.

2021లో యునెస్కో నీస్‌ను చలికాలపు విడిది నగరంగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ ఏడాదే రొక్‌బ్రూన్ కొండ అంచున, పాత విస్టా ప్యాలెస్ హోటల్ ఉన్నచోట, గోడల బదులు గాజు బిగించిన మేబోర్న్ రివియెరా హోటల్ తెరుచుకుంది. ఇక షెవ్రదోర్, ఓతెల్ ద్యు కాప్ అయితే వసంతంలో తెరిచి, చలి మొదలవగానే తాళం వేస్తాయి. స్టీవెన్సన్ లాంటివాళ్లు గడపడానికొచ్చిన నడి చలికాలంలో ఇవాళ వాటి తలుపు తడితే గది దొరకదు.