గుణమూ దోషమూ ఒకే గుళికలో

ఏనుగు దంతానికి బదులు వెతుకుతూ అమెరికాలో జాన్ వెస్లీ హయత్ సెల్యులాయిడ్ దగ్గరికి చేరాడు. 1872లో సోదరుడు ఇసయాతో కలిసి, దాన్ని వేడిచేసి అచ్చులోకి నెట్టే యంత్రానికి పేటెంట్ తీసుకున్నాడు. ఇంజెక్షన్ మౌల్డింగ్ కథ అక్కడ మొదలైంది. సెల్యులాయిడ్‌కు నిప్పు తగిలితే భగ్గుమనేది. ఆ భయం తగ్గించిన సెల్యులోజ్ ఎసిటేట్ కాలక్రమేణా వంకరపోయేది. డెన్మార్క్‌లో లెగో ఇటుకలను మొదట దానితోనే చేసేవారు. 1963లో ఏబీఎస్ అనే ప్లాస్టిక్‌కు మారారు.

వెనక్కి తిరిగి చూస్తే నాకు కనిపించేది ఇదే: ప్రతి కొత్త ప్లాస్టిక్కూ పాతదాని లోపం తీర్చి, తనదైన లోపాన్ని వెంట తెచ్చింది.

నైలాన్ సంగతే చూడండి. 1935లో డ్యూపాంట్‌లో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్ 66 తయారుచేసింది. అది బజారుకెక్కడం చూడకుండానే 1937లో ఆయన కన్నుమూశాడు, తలచుకుంటే బాధేస్తుంది. నైలాన్ సుమారు 260 డిగ్రీల దాకా కరగదు, రాపిడికి అరగదు, గేర్లకు దివ్యంగా పనికొస్తుంది. కానీ నీళ్లు తాగుతుంది. నానబెడితే తన బరువులో 8 శాతానికి పైగా పీల్చి ఉబ్బుతుంది. ఎండాకాలంలో సరిగ్గా అమరిన గేరు వానాకాలంలో బిగుసుకోవచ్చు. యంత్రంలో పోసే ముడి ప్లాస్టిక్ గుళికల్లోనే తడి ఉంటే యంత్రపు వేడికి అణువుల గొలుసులు తెగుతాయి, వస్తువు మీద వెండి చారలు తేలతాయి.

1960లో డెల్రిన్ పేరుతో వచ్చిన ఎసిటాల్ నీటిని పెద్దగా పట్టించుకోదు. అయితే చల్లారేటప్పుడు దాదాపు 2 శాతం కుంచించుకుపోతుంది. ఏబీఎస్ కుంచించుకునేది అర శాతం. అందుకే ఏబీఎస్‌కు చెక్కిన డైలో ఎసిటాల్ పోస్తే కొలత తప్పుతుంది.

1946లో జేమ్స్ హెండ్రీ తెచ్చిన స్క్రూ యంత్రం లేకపోతే ఇవన్నీ ఇంత నిలకడగా అచ్చయ్యేవి కావు. పాత పిస్టన్ యంత్రపు బ్యారెల్‌లో గోడ పక్కనున్న ప్లాస్టిక్ మాడేది, నడిమిది కరిగేది కాదు.

1953లో జర్మనీలో హెర్మన్ ష్నెల్, రోజుల తేడాతో అమెరికాలో డేనియల్ ఫాక్స్ పాలీకార్బనేట్ కనుగొన్నారు. గాజులా పారదర్శకం, సుత్తి దెబ్బకూ తట్టుకుంటుంది. 120 డిగ్రీల దగ్గర మూడు నాలుగు గంటలు ఆరబెట్టకుండా వాడితే మాత్రం ఆ బలం దక్కదు. కొన్ని ద్రావకాలు తగిలినా పగుళ్లిస్తుంది. 343 డిగ్రీల దాకా కరగని పీక్ అనే ప్లాస్టిక్ ఉంది గానీ, దాని ధర అందరూ మోయగలిగేది కాదు.

చన్నీటిలో తిరిగే చిన్న గేరుకు నేనైతే ముందు ఎసిటాల్ చూస్తాను. అదే గేరు వేడి ఇంజన్ పక్కన తిరగాలంటే, గాజుపీచు కలిపిన నైలాన్.