వగరు తగ్గిన వైన్

1976 మే 24న పారిస్‌లో జరిగిన వైన్ పోటీకి యాభై ఏళ్లు నిండాయి. ఉప్పల్, నాచారం కాలనీల్లో ఆదివారాలు నలుగురు కూర్చుని పాత కాలిఫోర్నియా వైన్ రుచి చూసే మాబోటివాళ్లకు అది పండుగ రోజే.

ద్రాక్ష మనకేం కొత్త కాదు. గోల్కొండనేలిన మహమ్మద్ కులీ కుతుబ్ షా దక్కనీ కవితల్లో మధువు పొంగింది. ఆ తర్వాత చాలాకాలం పెద్దగా కబుర్లేవీ లేవు. నిజాం కాలంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ అనాబ్-ఎ-షాహీ తెచ్చాక హైదరాబాద్ చుట్టూ పందిళ్లు లేచాయి. కాలిఫోర్నియాలో పేరు తెచ్చుకున్న థామ్సన్ సీడ్‌లెస్ కూడా చేరింది. ఆ పళ్లు ఎక్కువగా తినడానికే పోయాయి.

ఇక పారిస్ సంగతి. స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లిష్ వ్యాపారి, పాట్రీషియా గాలఘర్‌తో కలిసి తొమ్మిదిమంది ఫ్రెంచి నిపుణులను కూర్చోబెట్టి, ఫ్రెంచి, కాలిఫోర్నియా వైన్లను పేర్లు కనిపించకుండా గ్లాసుల్లో పోయించాడు. ఫ్రాన్సే గెలుస్తుందని ఆయనా అనుకున్నాడు. తెల్ల వైన్లలో షాటో మోంటెలీనా 1973, ఎర్రవాటిలో స్టాగ్స్ లీప్ 1973 మొదటి స్థానంలో నిలిచాయి. రెండూ కాలిఫోర్నియావే! న్యాయనిర్ణేత ఓడెట్ కాన్ తన మార్కుల కాగితం తిరిగి ఇచ్చేయమంది. అక్కడున్న ఒకే ఒక్క విలేకరి, టైమ్ పత్రిక జార్జ్ టేబర్ రాయకపోతే ఆ కబురు గది దాటేది కాదేమో.

"మా వైన్ ముదిరేకొద్దీ బాగుంటుంది, అమెరికా సరుకు నిలవదు" అని ఫ్రెంచివాళ్లు వాదించారు. దానికి జవాబు 2006 మే 24న దొరికింది. లండన్‌లో, కాలిఫోర్నియాలోని నాపాలో ఆ ఎర్ర వైన్లనే మళ్లీ తెరిచారు. మొదటి ఐదు స్థానాలూ కాలిఫోర్నియాకే. అన్నిటికన్నా పైన రిడ్జ్ మాంటె బెల్లో 1971. ముప్పై అయిదేళ్ల వైన్! నాకు మొదటి గెలుపు కంటే ఇదే ఇష్టం. ఏళ్లు గడిచేకొద్దీ వగరు మడ్డిగా దిగిపోతుంది, ఎరుపు ఇటుక రంగుకు తిరుగుతుంది, పండు వాసన వెనక్కి తగ్గి పొగాకు, దేవదారు వాసనలు పైకొస్తాయి. ఆ ఓపిక ఫ్రాన్స్ సొత్తు మాత్రమే కాదని తేలింది.

మన దగ్గర కథ అంత సాఫీగా నడవలేదు. నాచారంలో స్టూడియో కట్టిన ఎన్టీ రామారావు గారే ముఖ్యమంత్రిగా 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, 1997లో అది సడలింది. పందిళ్ల చోట అపార్ట్‌మెంట్లు లేచాయి. పిల్లలు కాలిఫోర్నియాలోని బే ఏరియాకు వెళ్లారు. వాళ్లు వచ్చేటప్పుడు సుంకం లేకుండా తలకు రెండు లీటర్ల వైన్ తేవచ్చు, అంటే రెండు సీసాలు. మే నెలలో మన ఎండ నలభై దాటుతుంది, పాత వైన్‌కు పదమూడు డిగ్రీల చల్లదనం కావాలి. కాబట్టి వచ్చిన రోజే ఫ్రిజ్ అడుగు అరలో పడుకోబెట్టాలి. తాగే ముందురోజు నిలబెడితే మడ్డి దిగుతుంది. తెరిచాక ఎక్కువసేపు ఉంచకూడదు, ఆ సువాసన నిలవదు. బిర్యానీ మసాలా దీన్ని మింగేస్తుందని నా గట్టి నమ్మకం. మిత్రుల్లో సగంమంది ఒప్పుకోరు, ప్రతిసారీ దమ్ బిర్యానీయే తెప్పిస్తారు. నేను మాత్రం వేయించిన జీడిపప్పుతోనే మొదలుపెడతాను.