వెల్లకిలా నిద్ర, బోర్లా ఆట

అమెరికా పిల్లల డాక్టరు బెంజమిన్ స్పాక్ రాసిన శిశుపోషణ పుస్తకం 1946లో వచ్చింది. కోట్ల ప్రతులు అమ్ముడుపోయాయి. కొత్తగా తల్లయిన వాళ్లు సందేహం వస్తే తిరగేసే పుస్తకం అది. 1950ల రెండో సగంలో వచ్చిన కూర్పులో స్పాక్ ఒక సలహా మార్చారు. పసిబిడ్డను బోర్లా పడుకోబెట్టడమే మేలన్నారు. వెల్లకిలా పడుకుంటే రెండు చిక్కులని ఆయన లెక్క. బిడ్డ కక్కుకుంటే అది గొంతుకు అడ్డం పడొచ్చు. ఇంకా, ఎప్పుడూ ఒకే వైపుకు తల తిప్పుకొని పడుకుంటే ఆ వైపు తల చదునైపోవచ్చు. చదునైనా మెదడుకు ఏమీ కాదని, ఒకటి రెండేళ్లలో సర్దుకుంటుందని కూడా ఆయనే రాశారు. అయినా సలహా మాత్రం బోర్లాకే మొగ్గింది.

సదుద్దేశంతో ఇచ్చిన సలహాలే ఒక్కోసారి ఎక్కువ ప్రాణాలు తీస్తాయి. బోర్లా పడుకున్న పిల్లలు కొందరు, ఏ జబ్బూ లేకుండానే, తెల్లారేసరికి ఊపిరి లేకుండా కనిపించేవారు. వైద్యులు దీన్నే ‘సిడ్స్’ అన్నారు. 2005లో పరిశోధకురాలు రూత్ గిల్బర్ట్, ఆమె సహచరులు పాత అధ్యయనాలన్నీ తవ్వి చూశారు. బోర్లా నిద్ర ప్రమాదమనే ఆధారం 1970 నాటికే ఉందని తేల్చారు. అప్పుడే అందరికీ చెప్పి ఉంటే ఒక్క బ్రిటన్‌లోనే 10,000 మందికి పైగా, యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో కలిపి కనీసం 50,000 మంది పసివాళ్లు బతికేవారని అంచనా వేశారు. నేరమంతా చదును తల భయానిదే అనలేం. కానీ ఆ సలహా వెనుక ఉన్న కారణాల్లో అదీ ఒకటి.

తప్పు దిద్దుకోవడం 1987లో నెదర్లాండ్స్‌లో మొదలైంది. పిల్లల్ని బోర్లా పడుకోబెట్టవద్దని ఖూస్ డి యాంగె అనే వైద్యుడు బహిరంగంగా చెప్పాడు. న్యూజిలాండ్‌లో జరిగిన పెద్ద అధ్యయనం కూడా అదే మాట చెప్పింది. బ్రిటన్‌లో టీవీ వ్యాఖ్యాత ఆన్ డైమండ్ 1991 జులైలో నాలుగు నెలల కొడుకును నిద్రలోనే పోగొట్టుకున్నారు. న్యూజిలాండ్ వెళ్లి అక్కడేం చేస్తున్నారో చూసొచ్చి, ప్రభుత్వం వెంటపడ్డారు. ఆ ఏడాది చివరికల్లా ‘బ్యాక్ టు స్లీప్’ (నిద్రకు వెల్లకిలా) ప్రచారం టీవీ తెరకెక్కింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా 1992లో బోర్లా వద్దని చెప్పింది. 1994లో అక్కడ దేశమంతటా ప్రచారం సాగింది. సిడ్స్ మరణాలు సగానికి పైగా తగ్గాయి. స్పాక్ భయపడ్డట్టు గొంతుకు అడ్డం పడి చనిపోయిన వాళ్లూ పెరగలేదు. వెల్లకిలా ఉన్నప్పుడు గాలిగొట్టం అన్నవాహిక కంటే పైన ఉంటుంది, అందువల్ల పైకొచ్చిన పాలు తేలిగ్గా దానిలోకి దిగవు.

స్పాక్ రెండో భయం మాత్రం నిజమైంది. 1996లో సెయింట్ లూయిస్ వైద్యులు తమ ఆసుపత్రి లెక్కలు బయటపెట్టారు. తల ఒకవైపు చదునైందంటూ వచ్చే పిల్లల సంఖ్య 1992–94 మధ్య అంతకుముందుకంటే ఆరు రెట్లు పెరిగింది.

పసిబిడ్డ పుర్రె ఒకే ముక్క కాదు. పలకల్లాంటి ఎముకలు, వాటి మధ్య మెత్తటి అతుకులు, నడినెత్తిన మాడు. పుట్టినప్పుడు 35 సెంటీమీటర్లుండే తల చుట్టుకొలత ఏడాదికి 46 దాకా వస్తుంది. అందులో సగం పెరుగుదల మొదటి మూడు నాలుగు నెలల్లోనే. పెరిగే తల ఒక చోట పరుపుకు ఆని ఉంటే అక్కడ ఆగి, ఖాళీ ఉన్న వైపుకు సాగుతుంది. పెరూలో పరకాస్ జనం వేల ఏళ్ల కిందటే పసిపిల్లల తలలకు గుడ్డలు చుట్టి కావాలని పొడుగు చేసేవాళ్లు. వాళ్లు పనిగట్టుకొని చేసిందే ఇక్కడ పరుపు చేస్తోంది. మెడ నిలవని బిడ్డ తనంతట తాను తల మరలించుకోలేదు. చాలామంది కుడివైపే మొగ్గుతారు. మెడ కండరం ఒకవైపు బిగుసుకున్న బిడ్డకైతే ఇంకా కష్టం.

సమస్య కనిపించగానే సరుకు తయారైంది. తల సరిచేసే హెల్మెట్ గురించి సియాటిల్ వైద్యుడు స్టెర్లింగ్ క్లారెన్ 1979లోనే రాశాడు. 1998లో అమెరికా వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అలాంటి పట్టీ ఒకదానికి అనుమతి ఇచ్చాక అది వ్యాపారంగా మారింది. రోజుకు 23 గంటలు పెట్టాలి. ఖర్చు వేల డాలర్లలో. నెదర్లాండ్స్ పరిశోధకులు 84 మంది పిల్లల్ని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు హెల్మెట్ పెట్టి, రెండో జట్టును అలాగే వదిలేశారు. 2014లో వచ్చిన ఫలితాల్లో రెండేళ్ల వయసుకు తల పూర్తిగా గుండ్రమైన వాళ్లు హెల్మెట్ జట్టులో 26 శాతం, మామూలు జట్టులో 23 శాతం. మరీ ఎక్కువ వంకర ఉన్న పిల్లలు ఆ పరీక్షలో లేరు కనుక హెల్మెట్ ఎవరికీ పనికిరాదనడం తొందరపాటు. కానీ ఓ మోస్తరు చదునుకు అంత డబ్బు పొయ్యడం దండగని తేలిపోయింది.

అసలు లోటు వేరే చోట ఉంది. వెల్లకిలా పడుకోబెట్టమని ఊరంతా దండోరా వేశారు. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా ఉంచమన్న రెండో సగం మాత్రం ఆలస్యంగా, మెల్లగా చెప్పారు. చాలా ఇళ్లకు అది తల చదునయ్యాకే చేరింది. కెనడాలోని కాల్గరీలో 2013లో వచ్చిన అధ్యయనంలో ఏడు నుంచి పన్నెండు వారాల వయసున్న 440 మంది పిల్లల్ని చూస్తే 46.6 శాతం మందికి ఎంతో కొంత చదును కనిపించింది. ఎక్కువమందికి స్వల్పమే. అయినా రెండో నెల టీకాకు వచ్చినప్పుడు చెబుదాం అనుకుంటే అప్పటికే ఆలస్యమన్నమాట.

మరి ముందే చెబితే? ఫిన్లాండ్‌లోని ఔలు నగరంలో అదే చేసి చూశారు. పురిటి వార్డులోనే కొందరు తల్లిదండ్రులకు బిడ్డను పడుకోబెట్టే తీరు, ఎత్తుకునే తీరు, చుట్టూ ఉండే వస్తువుల అమరిక గురించి విడమరిచి చెప్పారు. మిగతా వాళ్లకు మామూలు సలహాలే. మూడు నెలల వయసులో తల చదును మొదటి జట్టులో 11 శాతం మందిలో, రెండో జట్టులో 31 శాతం మందిలో కనిపించింది. మందు లేదు, పరికరం లేదు, మాటలే.

ఇలాంటి పాఠంలో ఉండేవి చిన్న పనులే. బిడ్డ వెలుతురు వైపు, మనుషుల వైపు చూస్తుంది కనుక తలాపు ఒకరోజు ఇటు, మర్నాడు అటు మార్చాలి. (ఉత్తరం తలాపు వద్దని మన ఇళ్లలో పెద్దవాళ్లు అడ్డుపడితే తూర్పు పడమరలున్నాయి.) సీసాతో పాలు పట్టేటప్పుడు చేయి మార్చాలి. కారు సీటును, బౌన్సర్ కుర్చీని పడకగా వాడకూడదు. మెలకువలో, పక్కనే మనిషి ఉండగా, పుట్టి ఇంటికొచ్చిన నాటి నుంచే రోజుకు రెండు మూడు సార్లు కాసేపు బోర్లా ఉంచాలి (దీన్నే ‘టమ్మీ టైమ్’ అంటారు). ఏడు వారాలకు అది రోజు మొత్తమ్మీద 15–30 నిమిషాలకు చేరాలని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2022లో చెప్పింది. తల ఒకే వైపుకు తిరుగుతున్నా, మాడు దగ్గర గట్టు తగిలినా, నెలలు గడిచే కొద్దీ వంకర పెరుగుతున్నా డాక్టరుకు చూపించాలి.

తెలుగిళ్లలో ఈ పని సగం ఎప్పట్నుంచో జరుగుతోంది. పీట మీద కూర్చుని కాళ్లు చాపి, వాటి మీద మనవణ్ని బోర్లా వేసుకుని నూనె రాసి వీపు రుద్దే అమ్మమ్మకు ‘టమ్మీ టైమ్’ అనే మాట తెలియక్కర్లేదు. పిల్లాడు మెడ ఎత్తి చూస్తాడు, ఏడుస్తాడు, అదే వ్యాయామం. కానీ తల గుండ్రంగా రావాలని ఆ అమ్మమ్మే ఆవాల దిండు కూడా కుట్టిస్తుంది. ఇక్కడ మాత్రం ఆమెతో వాదించాల్సిందే. ఏడాది లోపు పిల్లలకు నిద్రలో ఏ దిండూ వద్దు, మెత్తటిది ముక్కుకు అడ్డొస్తే తప్పించుకునే శక్తి వాళ్లకుండదు. తల ఆకారం కోసం అమ్మే దిండ్లు వాడొద్దని ఎఫ్‌డీఏ 2022 నవంబరులో తల్లిదండ్రులను హెచ్చరించింది. పురుటికని డాలస్‌కో న్యూజెర్సీకో వెళ్లే అమ్మమ్మలు, నాయనమ్మలు ఆ దిండు సూట్‌కేసులోంచి తీసేస్తే అక్కడి పిల్లల డాక్టరు దగ్గర ఒక పేచీ తగ్గుతుంది. తలను చేత్తో ఒత్తి గుండ్రం చేసే అలవాటూ మానుకోవలసిందే.

మన దేశంలో ఈ పాఠం చెప్పడానికి కొత్త ఏర్పాట్లేమీ అక్కర్లేదు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతాయి. అత్తను, భర్తను కూడా అక్కడే కూర్చోబెట్టి ఒక బొమ్మతో చేసి చూపించడానికి పది నిమిషాలు చాలు. ఆసుపత్రిలో పుట్టిన బిడ్డను చూడటానికి ఆశా కార్యకర్త 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొస్తుంది. కాల్గరీ పరిశోధకులు పిల్లల తలలు చూడటం మొదలుపెట్టింది ఏడో వారం నుంచి. ఈ వరుసలో ఆశా ఆఖరి రాక అంతకు వారం ముందే.